సీటు కింద స్విచ్

మిక్సీ తిరుగుతూ తిరుగుతూ టక్కున ఆగిపోతే మనమేం చేస్తాం? జార్ తీసి పక్కన పెట్టి, మిక్సీని తిరగేసి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కుతాం. పిండి మరీ గట్టిగా ఉంటే ఓ చెంచాడు నీళ్ళు పోసి మళ్ళీ తిప్పుతాం. దీనికోసం ఎవరూ ఆఫీసులో ఉన్న మొగుడికి ఫోన్ చెయ్యరు. మోటారు కాలిపోకుండా లోపల ఓ ఏర్పాటు ఉందనీ, అది తన పని తాను చేసిందనీ మనకి తెలుసు. ఎవరూ పాఠం చెప్పకుండానే తెలుసు.

అంత తెలిసినవాళ్ళే, గరాజ్‌లో ఉన్న గడ్డి కోసే బండి స్టార్ట్ కాకపోతే మాత్రం రెండుసార్లు కీ తిప్పి, "ఇది మనవల్ల అయ్యేది కాదులే" అనుకుని లోపలికి వచ్చేస్తున్నారు. నాకు నచ్చనిది అదే.

ఇండియాలో ఉండి చదివేవాళ్ళకి ఈ బండి గురించి ఒక మాట చెప్పాలి. ఇక్కడ ఒహాయోలో ఊరి చివర ఇళ్ళకి అరెకరం, ఎకరం స్థలం ఉండటం మామూలే. ఇల్లు పోగా మిగిలిందంతా గడ్డే. తోసుకుంటూ కోసే చిన్న మిషన్‌తో అంత కోయాలంటే పూటంతా పడుతుంది. అందుకని చిన్న ట్రాక్టర్ లాంటి బండి కొంటారు. మనం మీద కూర్చుని నడుపుతుంటే కింద ఉన్న కత్తులు గడ్డి కోసుకుంటూ పోతాయి. రైడింగ్ మోవర్ అంటారు. మా అత్తయ్యగారు మొదటిసారి చూసి, "ఇంత పచ్చగడ్డి కోసి పారేస్తారా, ఊరు మొత్తానికి ఒక్క గేదె లేదే" అని నిజంగానే బాధపడ్డారు. ఏప్రిల్‌లో మొదలైతే అక్టోబర్ దాకా ఇదే పని. మే నెలలో వానలు పడితే వారానికి రెండుసార్లు కోసినా చాలదు. కోయకపోతే ఊరుకోరు కూడా. గడ్డి ఇన్ని అంగుళాలు దాటకూడదని చాలా ఊళ్ళలో రూలుంటుంది. దాటితే ముందు నోటీసు, తర్వాత వాళ్ళే మనిషిని పెట్టి కోయించి బిల్లు మన పేరున పంపడం.

మన తెలుగిళ్ళలో ఈ బండి మగవాళ్ళ సామాను కింద లెక్క. డిష్‌వాషర్ మనది, డ్రయర్ మనది, గరాజ్ గోడకి అవతల ఉన్నదంతా ఆయనది. ఈ పంపకం ఎవరూ కూర్చుని చేసింది కాదు, అలా జరిగిపోయింది. కానీ సోమవారం ఫ్లైటెక్కి గురువారం రాత్రి దిగే ఉద్యోగాలు చేసేవాళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు! గడ్డి మాత్రం ఆయన క్యాలెండర్ చూసి పెరగదు. అప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో ఉన్న ఆయనకి వీడియో కాల్ చేసి బండిని చూపించడం, ఆయన "కీ తిప్పావా?" అని అడగడం, ఆ ప్రశ్నకి ఒళ్ళు మండటం. ఇల్లు నడిపే మనిషికి ఇంట్లో ఉన్న ఒక బండి సంగతి ఇంకొకళ్ళ బుర్రలో మాత్రమే ఉండటం మంచి పద్ధతి కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పాట్‌లక్‌లలో కనీసం నలుగురు ఆడవాళ్ళ నోట నేను విన్న మాట ఒకటుంది. "ఆయన ఎక్కితే స్టార్ట్ అవుతుంది, నేనెక్కితే అవ్వదు." పక్కనుంచి మగవాళ్ళు నవ్వుతారు, "దానికీ మనిషిని చూసే మర్యాద" అని. నిజానికి ఇందులో మాయా లేదు, మర్యాదా లేదు. ఆయన ఎత్తు ఆరడుగులు, ఈమె ఎత్తు ఐదడుగుల ఒకటి. అంతే.

ఎందుకో చెప్తాను. ఈ బళ్ళు కీ తిప్పగానే లేచిపోవు. ముందు కొన్ని షరతులు చూసుకుంటాయి. బ్రేక్ పెడల్ అడుగంటా నొక్కి ఉందా? కత్తుల్ని తిప్పే మీట, అంటే పీటీఓ అని రాసి ఉండే బటన్, ఆపి ఉందా? సీటు మీద మనిషి ఉన్నాడా? ఒక్కొక్క దానికీ ఒక్కో చిన్న స్విచ్ ఉంటుంది. అన్నీ సరే అంటేనే స్టార్టర్‌కి కరెంటు వెళుతుంది. ఒక్కటి కాదన్నా బండి చచ్చినట్టు పడుంటుంది, క్లిక్ అనైనా అనదు. రెండు మీటలతో నడిపే జీరో టర్న్ బళ్ళకైతే ఆ మీటలు రెండూ బయటికి తెరిచి ఉండాలి. బళ్ళని బట్టి చిన్న చిన్న తేడాలుంటాయి గానీ సూత్రం ఇదే.

ఇప్పుడు ఆ ఐదడుగుల ఇల్లాలిని ఎక్కించండి. సీటు ఆయన కాళ్ళకి తగ్గట్టు వెనక్కి జరిపి ఉంది. ఈమె పెడల్ నొక్కింది. నొక్కాననే అనుకుంటుంది, కానీ ఇంకో రెండంగుళాలు దిగాలి. కాలు చాపి మునివేళ్ళతో నొక్కుదామని ముందుకి జరిగింది. జరగ్గానే సీటు మీద బరువు తగ్గింది, కింద స్విచ్ పైకి లేచింది. ఇటు బ్రేక్ స్విచ్ ఒప్పుకోదు, అటు సీటు స్విచ్ ఒప్పుకోదు. సీటు పక్కనో కిందో ఒక మీట ఉంటుంది. దాన్ని లాగి సీటు ముందుకి జరుపుకుని, వెనక్కి ఆనుకుని కూర్చుని, పెడల్ కింద దాకా తొక్కి అప్పుడు కీ తిప్పమనండి. సగం ఇళ్ళలో కథ అక్కడితో అయిపోతుంది. కారెక్కగానే సీటు, అద్దాలు సర్దుకునే మనం, దీని సీటు కూడా జరుగుతుందన్న సంగతి ఎవరైనా చెప్తే కదా సర్దుకునేది.

బరువు తక్కువ ఉన్నవాళ్ళకి ఇంకో తిప్పలుంది. స్టార్ట్ అయితే అవుతుంది, గతుకు వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం సీటు మీంచి ఎగురుతారు, ఇంజిన్ దగ్గి ఆగిపోతుంది. సీటు కింద స్ప్రింగులు బరువైన మనిషికి తగ్గట్టు పెట్టి ఉంటాయి. కొన్ని బళ్ళకి వాటిని జరుపుకునే వీలు ఉంది, మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపిస్తారు. తయారు చేసేవాళ్ళు దీన్ని నడిపేది ఎనభై తొంభై కిలోల మనిషే అనుకుని చేసినట్టుంటుంది. వాళ్ళ మీద నాకు ఆ కోపం ఉంది.

ఇవన్నీ చూసుకున్నా లేవకపోతే, అప్పుడు చెవి పెట్టాలి. పోపు వేగిందో మాడిందో చప్పుడు బట్టి చెప్పే చెవులు మనవి, వాటికి ఇదేం కష్టం కాదు. కీ తిప్పితే ఏ చప్పుడూ లేదు, లైట్లు కూడా వెలగవు అంటే బ్యాటరీ పూర్తిగా దిగిపోయిందో, ఫ్యూజు పోయిందో, బ్యాటరీ తీగల దగ్గర తెల్లటి, పచ్చటి బూజు లాంటిది పట్టిందో. ఆ బూజుని వంటసోడా నీళ్ళలో ముంచిన పాత బ్రష్‌తో తోమితే పోతుంది. తీగలు విప్పేటప్పుడు ముందు మైనస్ విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర బిగించాలి. గ్లవ్స్ వేసుకోండి. టకటకటకమని వరసగా చప్పుడొస్తే బ్యాటరీలో శక్తి చాలట్లేదు. చలికాలం ఐదు నెలలు గడ్డకట్టే గరాజ్‌లో పడుకున్న బ్యాటరీ ఏప్రిల్‌లో లేవమంటే ఎలా లేస్తుంది? చార్జర్ పెట్టి రాత్రంతా ఉంచితే చాలాసార్లు లేస్తుంది. పదిహేను డాలర్ల మీటర్ ఒకటి ఇంట్లో ఉంటే బ్యాటరీ రెండు మొనలకీ ఆనించి చూడొచ్చు. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది, 12 కన్నా కిందికి వస్తే అది దిగిపోయినట్టే. టక్ అని ఒక్కటే గట్టి చప్పుడొచ్చి ఆగిపోతే, బ్యాటరీ కూడా బాగుంటే, సొలినాయిడ్ అనే భాగాన్నో స్టార్టర్‌నో అనుమానించాలి. ఇంజిన్ సగం తిరిగి బరువెత్తలేనట్టు ఆగిపోతుంటే, బ్యాటరీ మంచిదే అయినా, లోపల వాల్వుల సందు సరిచేయాల్సి ఉండొచ్చు. అది మెకానిక్ పనే. కానీ మెకానిక్‌కి ఫోన్ చేసి "స్టార్ట్ అవ్వట్లేదండీ" అనడానికీ, "సగం తిరిగి ఆగుతోంది, బ్యాటరీ 12.6 ఉంది" అనడానికీ ఎంత తేడా ఉందో ఒకసారి చేసి చూడండి. అవతలి గొంతు మారుతుంది.

ఇంజిన్ గిరగిరా తిరుగుతూనే ఉంది, అంటుకోవట్లేదు అంటే అది పెట్రోలు వైపు వ్యవహారం. ఇక్కడి పెట్రోలులో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, నిలవుంటే పాడవుతుంది. నెల దాటి నిలవుంచే పెట్రోలులో స్టెబిలైజర్ కలపమంటారు. కిందటి అక్టోబర్ పెట్రోలు ఏప్రిల్‌లో పోయడం నిరుటి ఇడ్లీ పిండితో ఇడ్లీ వెయ్యడమే. పాతది తీసేసి కొత్తది పొయ్యాలి. ఈ15 అని రాసున్న పంపు దగ్గరికి అసలు పోకండి, అది ఇలాంటి చిన్న ఇంజిన్లకి వాడకూడదు. తర్వాత చోక్ వేశారా, గాలి ఫిల్టర్‌లో ఎలక గూడు పెట్టిందా చూడండి. నవ్వకండి, చలికాలంలో ఎలకలకి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. అవి వైర్లు కూడా కొరుకుతాయి. స్పార్క్ ప్లగ్ ఐదారు డాలర్లు, ఏడాదికోసారి మార్చేస్తే గొడవ ఉండదు. ఇంతకన్నా లోపలికి, కార్బ్యురేటర్ విప్పడాలకీ వాటికీ, ఇష్టమున్నవాళ్ళు వెళ్ళొచ్చు. నాకంత సరదా లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. బండిని గరాజ్ తలుపు మూసి స్టార్ట్ చేసి చూడకండి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ఇంత రాసింది బండి బాగుచేసుకోవడం నేర్పాలని మాత్రమే కాదు. బండి ఎందుకు లేవట్లేదో తెలియని ఇంట్లో ఒక పని జరిగిపోతుంది. దాని గురించి మాట్లాడాలని.

కిందటి వేసవిలో ఒకళ్ళింట్లో భోజనాల దగ్గర ఇదే మాట వచ్చింది. ఆ ఇంటి ఇల్లాలికి బండి గతుకు గతుక్కీ ఆగిపోతోంది. ఒకాయన వెంటనే, "అది సీటు కింద స్విచ్ చెల్లెమ్మా, ఒక్క వైరు ముక్క చాలు, రెండు కొసలూ కలిపేస్తే ఇంక జన్మలో ఆగదు. భోజనం అవగానే నేను కలిపేస్తా" అన్నారు. అందరూ ఎంత సాయం చేసే మనిషో అన్నట్టు చూశారు. నేను వద్దన్నాను.

"అన్నయ్యగారూ, కుక్కర్ సేఫ్టీ వాల్వ్ పోతే అక్కడ చింతపండు ముద్ద పెట్టి మూసేసి వండితే, మీరు ఆ వంటింట్లోకి పిల్లల్ని రానిస్తారా?"

ఆయన నవ్వేసి, "దానికీ దీనికీ పోలికేంటమ్మా" అన్నారు. పోలిక అక్షరాలా ఉంది. ఆ స్విచ్ ఉన్నది మనిషి సీటు మీంచి పడితే ఇంజిన్నీ కత్తుల్నీ ఆపడానికి. గట్టు వాలులో బండి ఒరగొచ్చు, చెట్టు కొమ్మ తగిలి మనిషి పక్కకి పడొచ్చు, పిల్లాడు ఏడుస్తున్నాడని బండి నడుస్తుండగానే దిగిపోవచ్చు. ఆ కత్తి అంచు గంటకి దాదాపు 200 మైళ్ళ వేగంతో తిరుగుతుంది. తోసుకుంటూ కోసే మిషన్లకైతే, చేతి మీట వదిలేసిన 3 సెకన్లలో కత్తి ఆగి తీరాలని ఇక్కడ 1982 నుంచీ నిబంధనే ఉంది. చేతులూ కాళ్ళూ పోయాకే అలాంటి నిబంధనలు వస్తాయి. వైరు కలిపేసిన బండి, మీద మనిషి లేకపోయినా కత్తులు తిప్పుకుంటూ తన దారిన తాను పోతూనే ఉంటుంది. వారమంతా ఒంటరిగా ఉండే ఇల్లాలు నడిపే బండికి చేస్తానన్న ఉపకారం అది.

ఆ పెద్దమనిషి చెడ్డవాడని కాదు. ఫ్యూజు పోతే లావుపాటి తీగ చుట్టేసి మోటారు నడిపించే ఊళ్ళలోంచి వచ్చినవాళ్ళం మనందరం. పంట ఎండిపోతుంటే, కరెంటు ఉన్న నాలుగు గంటల్లోనే నీళ్ళు పెట్టుకోవాలంటే, రైతు ఆ తీగ ఎందుకు చుడతాడో నాకు అర్థమవుతుంది. అక్కడ తప్పని అవసరం. ఇక్కడ ఏముంది అవసరం? గడ్డి నాలుగు రోజులు ఆలస్యమైతే ఎండిపోయే పంట లేదు. ఇరవై డాలర్లు పెడితే కొత్త స్విచ్ ఇంటికొస్తుంది.

ఈ స్విచ్‌లు విసిగిస్తాయన్నది నేనూ కాదనను. తేమకి పాడవుతాయి, గడ్డి ఇరుక్కుంటుంది, ప్లగ్ వదులవుతుంది. "మా పాత బండికి ఇవేం లేవు, ఇరవయ్యేళ్ళు నడిచింది" అనేవాళ్ళ మాట కూడా నిజమే అయ్యుంటుంది. మెకానిక్‌లు పరీక్ష కోసం ఒక్క నిమిషం వైరు కలిపి చూస్తారు, అది వాళ్ళ పద్ధతి. చూశాక తీసేస్తారు. ఇళ్ళలో మాత్రం ఆ ఒక్క నిమిషం ఏళ్ళ తరబడి సాగుతుంది. బండి అమ్మేస్తే కొన్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు. పాత బండి కొనేవాళ్ళు సీటెత్తి కిందకి ఒకసారి చూడండి. బండి నడుస్తుండగా ఎవరూ దిగి పరీక్షించక్కర్లేదు, అక్కడ కొత్తగా టేపు చుట్టిన వైరుంటే చెప్పకనే చెప్తుంది.

అసలు కష్టం పెద్దవాళ్ళ దగ్గర వస్తుంది. మే నెలలో ఇండియా నుంచి మామయ్యగారు దిగుతారు. ఆయన చేతికి పని లేదు, కారు నడపలేరు, నడకకి వెళితే పలకరించే మనిషి ఉండడు. ఈ బండి చూడగానే ఆయన ముఖం వెలిగిపోతుంది. ట్రాక్టర్ నడిపిన చేతులు. నేర్చుకుని నడుపుతానంటే నడపనివ్వండి, ఆయనకి అదో ఊపిరి. కానీ రెండో రోజే నాలుగేళ్ళ మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు. ఊళ్ళో ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని పొలానికి పోయిన మనిషికి అందులో తప్పు కనపడదు. పిల్లాడు కేరింతలు కొడతాడు, ఎవరో వీడియో తీస్తారు, కుటుంబం గ్రూపులో అందరూ దండాలూ పువ్వులూ పెడతారు.

వద్దని చెప్పాల్సింది మనం. అది కోడలికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 16 ఏళ్ళు నిండనిదే రైడింగ్ మోవర్ నడపనివ్వద్దనీ, తోసే మిషన్‌కైనా 12 ఏళ్ళుండాలనీ, ఆరేళ్ళలోపు పిల్లల్ని గడ్డి కోస్తున్నంతసేపూ ఇంట్లోనే ఉంచాలనీ చెప్తుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం అసలే వద్దంటుంది. ఒకసారి ఎక్కిన పిల్లాడు ఆ బండి ఆట బండి అనుకుంటాడు. మర్నాడు దాని చప్పుడు వినగానే ఎక్కించుకోమని వెనకనుంచి పరిగెత్తుకొస్తాడు, తాతగారు అదే క్షణంలో వెనక్కి తీస్తుంటారు. చాలా బళ్ళలో కత్తులు తిరుగుతుండగా వెనక్కి తీస్తే ఇంజిన్ ఆగిపోయే ఏర్పాటు ఉన్నది అందుకే. దాన్ని కూడా విసుగని తీసేసేవాళ్ళున్నారు.

మామయ్యగారితో నేనైతే మర్యాదగానే చెప్తాను, అందరి ముందూ కాదు, ఆయన కాఫీ తాగుతున్నప్పుడు. "మామయ్యగారూ, మీరు ఎంత జాగ్రత్తగా నడుపుతారో నాకు తెలుసు. వీడే వెనకనుంచి పరిగెత్తుకొస్తాడని నా భయం. మీరు కోస్తున్నంతసేపూ వీడు నా దగ్గరే ఉంటాడు, అయిపోయాక కీ తీసేసిన బండి మీద ఎంతసేపైనా కూర్చోబెట్టుకోండి." పెద్దవాళ్ళు మనం అనుకున్నంత మొండివాళ్ళు కారు. కారణం చెప్తే వింటారు. మొగుడి చేత చెప్పిద్దామని చూస్తే ఆయన గురువారానికి గానీ రాడు.

స్విచ్ మార్చడం గురించి అడుగుతారని రాస్తున్నాను. చాలా బళ్ళలో సీటు ముందుకి మడిస్తే అడుగున కనిపిస్తుంది. కీ తీసేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, ఇంజిన్ చల్లారాక మొదలుపెట్టండి. ముందు ప్లగ్ ఊడి ఉందేమో, గడ్డి ఇరుక్కుందేమో చూడండి, ఒక్కోసారి ఆ మాత్రానికే బాగవుతుంది. కాకపోతే ప్లగ్ లాగి, స్విచ్‌ని పట్టి ఉంచే రెక్కలు నొక్కి పావు వంతు తిప్పితేనో, పైకి లాగితేనో వచ్చేస్తుంది. కొత్తది అదే దారిలో లోపలికి పోతుంది. బండి మోడల్ నంబర్ ఉన్న స్టిక్కర్ కూడా చాలా వాటికి ఆ సీటు కిందే ఉంటుంది, దానికో ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. స్విచ్ ఆర్డర్ చేసేటప్పుడు ఆ నంబరే అడుగుతారు.